22 కిలోల లెక్క

జూన్ 5, పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే సూరత్‌లో ఎక్కడ చూసినా గుంతలు, మొక్కలు, ఫోటోలు. 2024లో ‘ఏక్ పేడ్ మా కే నామ్’ (అమ్మ పేరిట ఒక మొక్క) ప్రచారం మొదలయ్యాక ఆ సందడి ఇంకా పెరిగింది. మొక్కలు నాటడం మీద నాకు పేచీ లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం ఉధ్నా రోడ్డు మీద నడిచినవాడెవడూ నీడను కాదనడు. నా పేచీ అంతా మొక్క పేరు చెప్పి వల్లించే అంకెతోనే. ఒక్కో మొక్క ఏటా 22 కిలోల బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటుందట!

కాగితం, పెన్సిలు చాలు. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బన్. కిలో కార్బన్‌కు 3.67 కిలోల వాయువు. ఈ లెక్కన 22 కిలోలు దాచాలంటే మొక్క ఏడాదిలో 6 కిలోల కార్బన్, అంటే 12 కిలోల ఎండుకర్ర ఒంటికి పట్టించుకోవాలి. సొసైటీ గేటుకు అటూ ఇటూ కుండీల్లో పెట్టే తూజాను వేళ్లతో సహా పెకలించి, ఎండబెట్టి తూకం వేయండి. రెండు కిలోలు తూగితే గొప్ప. 22 అన్నది ఎదిగిన చెట్టుకు చెప్పే మాట. దాన్ని మోకాలెత్తు మొక్కకు అంటగట్టారు.

ఇంకో వాదన ఉంది. తూజా, పైన్, దేవదారు లాంటి సూదాకు, పొలుసాకు చెట్లు ఏడాదంతా పచ్చగా ఉంటాయి కాబట్టి ఏడాదంతా దాస్తాయని. (డుమస్ తీరంలో సరుగుడును చూసి అదీ ఈ జాతే అనుకుంటారు కొందరు. కాదు, అది పూలు పూసే చెట్టు.) పచ్చగా ఉండడం వేరు, కూడబెట్టడం వేరు. లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) మీద బతికే మన పద్మశాలీలకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కూలి మీటరు లెక్కన. దీపావళికి సాంచాలు ఆగితే కూలి ఆగుతుంది, గది అద్దె ఆగదు.

లేత మొక్క కాపురమూ అంతే. చలిదేశాల్లో పైన్, స్ప్రూస్ మొక్కల చేత బరువైన కార్బన్-13 ఉన్న వాయువును పీల్పించి, అది ఎటు పోతోందో శాస్త్రవేత్తలు వెంబడించారు. వసంతంలో మొగ్గ విచ్చకముందే పాత ఆకులు పనిలోకి దిగి పిండిపదార్థం పోగేస్తాయి. కొత్త రెమ్మ సాగేకొద్దీ ఆ నిల్వ కరుగుతుంది. వేసవి చివర రాబడిలో ఎక్కువ వాటా వేళ్ల వైపు మళ్లుతుంది. చలి ముదిరితే మిగిలిన పిండి చక్కెరగా మారి కణాలను కాపాడుతుంది. ఇదంతా చేతిఖర్చు డబ్బు. కర్రగా మారిందే డిపాజిట్.

వేళ్లకు చేరింది మట్టిలో భద్రమేగా అంటారు. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో పీటర్ హోగ్‌బర్గ్ బృందం ఉత్తర స్వీడన్‌లో ఎదిగిన పైన్ చెట్లకు చుట్టూ బెరడు వలిచి, కిందికి తిండి దిగకుండా చేసింది. ఒకటి రెండు నెలల్లో నేల వదిలే బొగ్గుపులుసు వాయువు సగానికి పడిపోయింది. అంటే వేళ్లకు పంపినదాంట్లో చాలాభాగం వెంటవెంటనే గాలిలోకి తిరిగొస్తోందన్నమాట! ఇక సూరత్‌లో ఆ చలి ఎక్కడిది? ఇక్కడ వేడి రాత్రులు. మే నెలలో నీళ్లు చాలని కుండీ మొక్క పగలు ఆకురంధ్రాలు మూసుకుంటుంది, రాబడి పడిపోతుంది. వేడికి శ్వాస పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

ఇదే సూరత్ 2019లో పొగగొట్టాలకు మీటర్లు పెట్టి, ధూళికణాలకు పర్మిట్ల బజారు తెరిచింది. అందులో చేరిన ఫ్యాక్టరీల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని పరిశోధకులు తేల్చారు. అది ధూళి లెక్క, కార్బన్‌ది కాదు. అయినా కొలిచి రాశారు. పొగకు మీటరు పెట్టిన ఊళ్లో మొక్కకు నోటిలెక్క ఏమిటి? బాయిలర్లో బొగ్గు ఇవాళే కాలుతోంది. దానికి ఎదురుగా రాసుకునే జమ, మొక్క బతికితే, ఇరవై ఏళ్ల తర్వాతిది.

వచ్చే జూన్ 5న ఫోటో దిగబోయేవారికి ఒక్క మనవి. ముందు పోయిన ఏడాది నాటిన మొక్కల దగ్గరికి వెళ్లండి. బతికినవాటి కాండానికి టేపు చుట్టి, ఆ అంకెను బోర్డు మీద రాయండి.