నేలకొండపల్లి తడి చెత్తను ఈ ఈగకు అప్పగించొచ్చా?

ఇంటి ముందుకు పంచాయతీ ట్రాక్టర్ వచ్చినప్పుడు, రాత్రి మిగిలిన సాంబారన్నం, చికెన్ ఎముకలు మీరు ఏ బుట్టలో వేస్తున్నారు? ప్లాస్టిక్ కవర్లతో కలిపేస్తే వాటి కథ డంపింగ్ యార్డులోనే ముగుస్తుంది.

2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక తెలంగాణ పంచాయతీలకు ట్రాక్టర్లు, చెత్త వేరుచేసే షెడ్లు వచ్చాయి. అక్కడ తడి చెత్తతో ఎరువు చేయాలి. ఆకులు, కూరగాయల తొక్కలైతే వానపాములు తింటాయి. నూనె, ఉప్పు, మాంసం కలిసిన వండిన తిండి వాటికి పడదు. పెళ్లి విందుల్లో మిగిలేది మాత్రం అదే. బ్లాక్ సోల్జర్ ఫ్లై పనికొచ్చేది ఇక్కడే.

ఈగ అనగానే ముఖం చిట్లించకండి. ఇది ఇంట్లో ముసిరే ఈగ కాదు, కుట్టదు. పెద్దయ్యాక దాదాపు ఏమీ తినదు, వారానికి అటూ ఇటుగా బతుకుతుంది. తినేదంతా పురుగు దశలోనే. నాలుగు రోజుల్లో గుడ్లు పగిలితే, ఆ తర్వాత రెండు మూడు వారాలు తిండే పని. చెత్త సగానికో, అంతకంటే తక్కువకో దిగుతుంది. ఎదిగిన పురుగులు పొడి చోటు వెతుక్కుంటూ వాటంతటవే పైకి పాకుతాయి. తొట్టికి ఏటవాలుగా పలక పెడితే చాలు, బకెట్‌లో వచ్చి పడతాయి. ఎండబెడితే అందులో సుమారు 40 శాతం ప్రోటీన్. కోళ్లకు, చేపలకు మేత. చేపల పరిశోధన కేంద్రం పొరుగున పాలేరులోనే ఉంది కాబట్టి సలహా అడగడానికి దూరం వెళ్లక్కర్లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? మొదటిది ఎండ. ఈ పురుగులకు 27 నుంచి 30 డిగ్రీలు హాయి. మే నెలలో ఖమ్మం వైపు రేకుల షెడ్డు ఎలా ఉంటుందో మీకు తెలుసు. నీడ, తడి గోనెసంచులు లేకుంటే పురుగులు తొట్టి వదిలి పారిపోతాయి. సాంబారు నీళ్లు ఎక్కువైతే కంపు, అప్పుడు ఊక కలపాలి. విందు రోజు గుట్టలుగా వచ్చి మర్నాడు ఏమీ రాకపోయినా కష్టమే.

రెండోది భద్రత. యూరప్ దేశాలు పురుగుల ప్రోటీన్‌ను 2017లో చేపలకు, 2021లో కోళ్లకు, పందులకు అనుమతించాయి. కానీ హోటల్, వంటింటి మిగుళ్లతో ఆ పురుగులను పెంచనివ్వవు. మన దగ్గరా కూరగాయల మార్కెట్ చెత్తతో మొదలుపెట్టడమే మేలు. విందు మిగుళ్లు తిన్న పురుగుల విషయంలో తొందరపడొద్దు.

అన్నిటికన్నా పెద్దది మనిషి సంగతి. వీధులు ఊడ్చి, మోరీలు తీసి, ట్రాక్టర్ వెంట తిరిగే మల్టీపర్పస్ వర్కర్ల మీదే ఈ పనీ వేస్తే నెలకే తొట్లు ఖాళీ అవుతాయి. రోజూ చూసుకునే మనిషికి విడిగా కూలి ఎవరిస్తారు, ఆదివారం మేత ఎవరు వేస్తారు, ఎండిన పురుగులు ఎవరు కొంటారు? షెడ్డుకు తొట్లు కొనేముందే గ్రామసభలో ఈ మూడూ అడగండి.