వింతల వేట: పిచ్చి ముదిరితే మ్యూజియం!

డబుల్ రోల్ అనగానే పాతతరం వాళ్ళు ‘రాముడు భీముడు’ అంటారు. 1964లో ఒకే రామారావు గారు అటు పిరికివాడుగానూ, ఇటు మొనగాడుగానూ కనిపిస్తే జనం థియేటర్ల మీద విరుచుకుపడ్డారు. బాగానే ఉంది. కానీ మన దేశంలో ఎవరూ సినిమా కెమేరా హేండిల్ తిప్పకముందే డబుల్ రోల్ వేసేసిన కొయ్యబొమ్మ ఒకటి ఉందని మీకు తెలుసా? ఎక్కడో కాదు, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోనే!

ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలీస్. జర్మన్ మహాకవి గేథే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలో సైతాను అన్నమాట. రొమ్ము విరుచుకుని దర్జాగా నిలబడి ఉంటాడు. అచ్చమైన విలన్! బొమ్మ వెనకాల ఓ నిలువుటద్దం పెట్టారు. అందులోకి తొంగి చూడండి... తల వంచుకుని, చేతిలో ప్రార్థన పుస్తకం పట్టుకున్న అమాయకపు పిల్ల కనిపిస్తుంది. పేరు మార్గరెట్టా. అదే నాటకంలో హీరోయిన్. రెండు బొమ్మలు కావండోయ్, ఒకటే దుంగ! వాడి వీపు ఉండవలసిన చోట ఈవిడ ముఖం ఉంది. ట్రిక్ ఫోటోగ్రఫీ లేదు, మాస్క్ షాట్ లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఎవరో శిల్పి పట్టిన ఉలి, అంతే.

అదే మ్యూజియంలో రోజూ ‘హౌస్‌ఫుల్’ అయ్యే షో ఒకటుంది. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ వారి సంగీత గడియారం. అందులో ఓ కమ్మరి కూచుని సెకనుకో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. గంట అయ్యేసరికి గడ్డపు మనిషి ఒకడు తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలయితే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. అంచేత పన్నెండు గంటలకి చూడాలి మజా! పన్నెండు దెబ్బలు. దానికోసం జనం ముందే వచ్చి కూచుంటారు. మొత్తం కథ మహా అయితే నిమిషం. హీరో అరచేతిలో పట్టే బొమ్మ. అయినా బయటికొచ్చిన ప్రతి పిల్లాడి ముఖంలోనూ మాట్నీ చూసిన తృప్తి!

ఇంతకీ ఇవన్నీ పోగేసిందెవరు? సాలార్‌జంగుల కుటుంబంలో మూడో ఆయన, మీర్ యూసుఫ్ అలీఖాన్. 1912లో ఏడో నిజాముకి ప్రధానమంత్రి అయ్యాడు. రెండేళ్ళకే ఆ పదవి వదిలేశాడు. పెళ్ళి చేసుకోలేదు. తాత కొన్న ‘ముసుగు రెబెకా’ పాలరాతి బొమ్మ వంటివి ఇంట్లో ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు 1949లో పోయేదాకా ముప్పై అయిదేళ్ళు కొంటూనే ఉన్నాడు. కత్తులు, గడియారాలు, పుస్తకాలు, పింగాణీ సామాను, ఆటబొమ్మలు... ఇది అది అని లేదు. బతికున్నప్పుడు ఎంతమంది నవ్వుకున్నారో! 1951లో నెహ్రూగారు వచ్చి ఆయన ఇంటినే మ్యూజియంగా ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. ఒంటరి మనిషి పిచ్చి ఊరందరికీ ఆస్తి అయి కూచుంది. చూశారూ!

టిఫిన్ బాక్సు క్రైమ్ థ్రిల్లర్

అక్కణ్ణించి ఆటో ఎక్కితే ఎంతోసేపు పట్టదు, పురానీ హవేలీ. నిజాం మ్యూజియం ఉన్నది ఇక్కడే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా చూడాలంటే ఇక్కడికే రావాలి. బీరువా అంటే మన ఇంట్లో మూల నిలబెట్టే బీరువా అనుకునేరు! రెండంతస్తుల టేకు చెక్క కట్టడం. పొడవు నూట యాభై అడుగులకి పైమాటే. పై అంతస్తుకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. ఒకసారి తొడిగిన దుస్తులు ఆయన మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. ఆయన కొడుకు ఏడో నిజామేమో ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు మోసి కూడా పాత షేర్వాణీతో సరిపెట్టుకునే మనిషి. తండ్రీ కొడుకుల కేరక్టర్లు రాసిన రచయిత ఎవరో గాని గట్టివాడే!

ఈ ఏడో నిజాం పాలనకి పాతికేళ్ళ పండగ 1937లో జరిగింది. అప్పుడు వచ్చిపడిన కానుకలే ఈ మ్యూజియంలో ముఖ్యమైన సరుకు. 2000లో జనానికి తలుపులు తెరిచారు. ఆ సరుకులో ఒకటి, రాళ్ళు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు.

ఇక కథలోకి వద్దాం. 2018 సెప్టెంబరు, రాత్రివేళ. వెంటిలేటర్ గుండా తాడు పట్టుకుని దొంగ లోపలికి దిగాడు. టిఫిన్ బాక్సు, బంగారు కప్పు, సాసరు, చెంచా... మాయం! తెల్లారేసరికి ఊరంతా గగ్గోలు. పోలీసులు సీసీ కెమేరాల బొమ్మలు పట్టుకుని వెతికి, పదిరోజులు తిరక్కుండానే ఇద్దర్ని పట్టేశారు. సరుకూ దొరికింది. ఇక్కడితో అయిపోతే మామూలు సినిమా. క్లైమాక్స్ వినండి. దొరికిన వాళ్ళలో ఒకడు ఆ నాలుగు రోజులూ ఆ నిజాం టిఫిన్ బాక్సులోనే భోంచేశాడని పోలీసులు చెప్పారు!

నవ్వొస్తుంది, నిజమే. కాని ఒక్క క్షణం ఆలోచించండి. వాడు దాన్ని కరిగించి ఉంటే? రెండు కిలోల బంగారం మిగిలేది. టిఫిన్ బాక్సు మిగిలేది కాదు. ఈ ‘కరిగించడం’ అనే మాట కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పనుంది.

చెప్పు కారు, వంకాయ కారు

ఇక బహదూర్‌పురాలో, జూ పార్కు దగ్గర, 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం. సుధాకర్ యాదవ్ అనే ఆయనకి చదువుకునే రోజుల్లో మొదలైన సరదా ఇది. లోపలికి వెళ్ళగానే ఓ హైహీల్సు చెప్పు మీకేసి దూసుకొచ్చేలా నిలబడి ఉంటుంది. అది కారు! లిప్‌స్టిక్ కారు, హ్యాండ్‌బ్యాగ్ కారు, క్రికెట్ బ్యాటు కారు, కెమేరా కారు, బర్గర్ కారు... చివరికి మన గుత్తొంకాయ కూరలోంచి లేచొచ్చినట్టు వంకాయ కారు! పాత సామాను, తుక్కు ఇనుము తెచ్చుకుని చేత్తో తయారుచేసినవే. ఉత్తి బొమ్మలు కావు, ఇంజను పెట్టినవి, నడుస్తాయి. 2005లో ఆయన నలభై ఒక్క అడుగుల ఏడంగుళాల ఎత్తున్న మూడుచక్రాల సైకిలు చేసి, తనే తొక్కి గిన్నెస్ బుక్కు కెక్కాడు. ఇనప కొట్టుకి పోవలసిన తుక్కు టిక్కెట్టు పెట్టి చూసే వస్తువైంది.

తుక్కు మాట వచ్చింది గనక ఓసారి విశాఖపట్నం వెళ్ళొద్దాం. రామకృష్ణా బీచిలో ఇసక మీదికెక్కి కూచున్న జలాంతర్గామి ఐ.ఎన్.ఎస్. కురుసుర. రష్యాలో తయారై 1969లో మన నేవీలో చేరింది. 1971 యుద్ధం చూసింది. 2001లో రిటైరైంది. రిటైరైన ఓడల గతి మీకు తెలుసుగా, ముక్కలు చేసి ఇనుము తూకానికి అమ్మేస్తారు. దీన్ని అలా చెయ్యలేదు. ఒడ్డుకి లాక్కొచ్చి నిలబెట్టి, 2002లో మ్యూజియం చేశారు.

2017లో వచ్చిన ‘ఘాజీ’ చూసిన వాళ్ళు దీంట్లోకి తప్పకుండా దిగి చూడాలి. సినిమాలో అదంతా సెట్టు. ఇక్కడిది అసలు సరుకు. పొడవు తొంభై మీటర్లకి పైనే గాని, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాలి. గది నుంచి గదికి గుండ్రటి కంతలోంచి నడుం వంచి దూరాలి. టార్పెడోల పక్కనే పడక. డెబ్బై మందికి పైగా మనుషులు రోజుల తరబడి సూర్యుడి ముఖం చూడకుండా ఇందులో ఎలా బతికారా అనిపిస్తుంది. బయటికొచ్చి సముద్రపు గాలి పీల్చుకున్నాక గాని ఆ గాలి విలువ తెలీదు. ఆ గాలే ఉప్పుగాలి. కురుసురని రోజూ కొరుక్కుతింటూ ఉంటుంది. కట్టి వదిలేస్తే మ్యూజియం నిలవదు, ఎవరో ఒకరు దానికి రంగులు వేస్తూ, మరమ్మతులు చేస్తూ కనిపెట్టుకుని ఉండాలి.

మరి మన సంగతో?

బట్టల బీరువా మిగిలింది. టిఫిన్ బాక్సు మిగిలింది. జలాంతర్గామి మిగిలింది. వంకాయ కారుకి కూడా ఇల్లు దొరికింది. ఇప్పుడు చెప్పండి, మన తెలుగువాళ్ళ మొట్టమొదటి టాకీ ఎక్కడుంది?

1931లో హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన ‘కాళిదాస్’ తమిళం, తెలుగు కలిపి మాట్లాడింది. 1932 ఫిబ్రవరి 6న ఆయనదే ‘భక్త ప్రహ్లాద’ పూర్తిగా తెలుగులో మాట్లాడింది. రెంటికీ ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. హిందీ వాళ్ళ మొదటి టాకీ ‘ఆలం ఆరా’దీ అదే గతి. తమాషా ఏమిటంటే ఈ మూడు చిత్రాల్లోనూ వేసిన నటుడు ఒకాయన ఉన్నాడు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్ళిన కుర్రాడు, తర్వాత మహాదర్శకుడు అయిన ఎల్.వి. ప్రసాద్ గారు! మూడు భాషల తొలి టాకీల్లోనూ కనబడ్డ మనిషి మన తెలుగువాడని గొప్పగా చెప్పుకుంటాం. కాని ఆ మూడింట్లో ఆయన ముఖం ఎలా ఉండేదో ఇవాళ మనమెవరమూ చూడలేం.

ఎందుకిలా అయింది? అప్పటి ఫిల్ము నైట్రేట్ ఫిల్ము. అగ్గి సోకితే భగ్గుమంటుంది. సోకకపోయినా ఏళ్ళు గడిస్తే దానంతటదే కుళ్ళిపోతుంది. ఇది చాలదన్నట్టు, ఆ ఫిల్ములో వెండి ఉంటుంది. ఆడి ఆడి అరిగిపోయిన సినిమాల్ని ఆ వెండి కోసం తూకానికి అమ్మేవారు. కరిగించేశారు! టిఫిన్ బాక్సు దొంగకి కూడా రాని ఆలోచన ఇది. వెండితెర, వెండితెర అని మురిసిపోయే మనం, దాని మీది బొమ్మని కరగబెట్టి పిడికెడు వెండి తీసుకున్నాం.

ఇలాంటి రోజుల్లోనే తిరువనంతపురంలో ఒక పిల్లాడు సినిమా చూసొచ్చి, చింపిన టిక్కెట్టు ముక్క పారెయ్యకుండా దాచుకునేవాడు. పేరు పి.కె. నాయర్. చూసినవాళ్ళు పిచ్చి అనే ఉంటారు. 1964లో పూనాలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టాక, ఆ పిచ్చే దాన్ని నిలబెట్టింది. ఊరూరా తిరిగి, గోడౌన్లు గాలించి, వేలకొద్దీ సినిమాలు పోగేశాడు. ఫాల్కే గారి 1913 నాటి ‘రాజా హరిశ్చంద్ర’లో మిగిలిన రీళ్ళయినా మనం చూడగలుగుతున్నామంటే ఆయన చలవే. 2016లో పోయారు. అలాంటి వాడు ‘భక్త ప్రహ్లాద’కి ముప్పై ఏళ్ళు ముందు పుట్టి ఉంటేనా!

సరే, పోయినవి పోయాయి. ఉన్నవాటి మాటేమిటి? ఒకప్పుడు సినిమా హాలు గుమ్మంలో పాటల పుస్తకాలు అమ్మేవారు. కథ సగం చెప్పి, ‘మిగతా వెండితెర మీద చూడండి’ అని ఊరించేవారు. మీ అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఒకటి ఉండే ఉంటుంది. వెతకండి. దొరికితే ప్లాస్టర్లు అంటించకండి, తడి తగలనివ్వకండి. ఆవిణ్ణి పక్కన కూచోబెట్టుకుని, అది ఏ ఊళ్ళో, ఏ హాల్లో, ఎవరితో వెళ్ళి చూసిందో అడిగి వేరే కాగితం మీద రాసి పెట్టండి. ఆ హాలు ఇవాళ ఫంక్షన్ హాలు అయిపోయి ఉండొచ్చు. అదీ రాయండి. సెల్‌ఫోన్‌తో రెండు ఫోటోలు తీస్తే మీ సొమ్మేం పోదు. ఇంట్లోవాళ్ళు ‘నీకేం పిచ్చిరా’ అంటారు. అననివ్వండి.

పిచ్చి ముదిరితే రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఆ రోకలి ఎవరైనా దాచి ఉంటే ఈ పాటికి టిక్కెట్టు కొనుక్కుని, క్యూలో నిలబడి చూసేవాళ్ళం!