పురిటికి ఏ ఊరు?

'అమ్మా, నువ్వు అమ్మమ్మవి కాబోతున్నావ్' అని న్యూజెర్సీ నుంచి ఫోను వస్తుంది. ఇంకేముంది! అమ్మ కళ్లలో నీళ్లు, నాన్న చేతిలో క్యాలెండరు. ఆ సంబరం కాస్త సద్దుమణిగాక అసలు చర్చ మొదలవుతుంది. ఏ ఆసుపత్రి? డాక్టరమ్మ మనవాళ్లేనా? వీసా ఎప్పటికొస్తుంది? పురుడు ఎవరు పోస్తారు? మన ఊళ్లో అయితే ఇంత ఆలోచన ఉండదు. పక్కింటి పిన్నిగారిని అడిగినా నాలుగు ఆసుపత్రుల పేర్లు చెప్పి, ఎందులో ఎంత అవుతుందో కూడా లెక్క కట్టేస్తారు. పరాయి దేశంలో అలా చెప్పే పిన్నిగారు ఎక్కడ దొరుకుతారు?

అయితే, పరాయి ఊరంటే దేశం దాటినదే కానక్కర్లేదు. కావాలంటే సీలేరు వెళ్లి చూడండి.

అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో, ఒడిశా సరిహద్దున ఉంటుందీ ఊరు. పక్కనే అదే పేరున్న నది, దాని మీద 240 మెగావాట్ల ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం. ఆ కేంద్రంలో ఉద్యోగమని మైదానం నుంచి వచ్చి క్వార్టర్సులో కాపురం పెట్టినవాళ్లు కొందరు. తరతరాలుగా చుట్టూ కొండల మీది గూడేల్లో ఉంటున్న ఆదివాసీలు ఇంకొందరు. కోస్తా నుంచి వచ్చిన కొత్త కోడలైనా, గూడెంలో పుట్టి పెరిగిన ఆడపిల్లయినా నెల తప్పిన రోజు నుంచి ఆలోచించాల్సింది ఒక్కటే... పురిటికి ఏ ఊరు వెళ్లాలి?

న్యూజెర్సీ అమ్మాయికి కారెక్కితే కాసేపట్లో ఆసుపత్రి. ఆమె భయమంతా బిల్లు గురించి. సీలేరు అమ్మాయికి సర్కారు ఆసుపత్రిలో బిల్లు ఉండదు. ఆమె భయమంతా దారి గురించి. ఇద్దరికీ పనికొచ్చే సలహా మాత్రం ఒక్కటే. ఆసుపత్రి పేరు తర్వాత, ముందు నొప్పులొచ్చిన రాత్రి ఏం జరుగుతుందో అడగండి.

రెండు గంటల లెక్క

ఎందుకంటారా? కాన్పులో ప్రాణం మీదకు తెచ్చే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. అడ్డం తిరిగిన బిడ్డ, బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతం, చీము పట్టే జ్వరం... వీటికి వైద్యం చేయడానికి సాధారణంగా కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో వ్యవధి దొరుకుతుంది. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం అలా కాదు. వైద్యం అందకపోతే సగటున రెండు గంటల్లోనే తల్లి ప్రాణం తీయగలదని నిపుణుల లెక్క. పైగా అది ఎవరికి వస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పలేం. నెలనెలా పరీక్షలన్నీ బాగున్న తల్లికీ రావచ్చు.

ఇప్పుడు సీలేరు దారి చూడండి. నర్సీపట్నం వంద కిలోమీటర్ల పైమాటే. మధ్యలో చింతపల్లి, గూడెం కొత్తవీధి, ధారాలమ్మ ఘాట్‌రోడ్డు. మలుపుల్లో బస్సు నాలుగు గంటలు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. అదీ వాన లేనప్పటి మాట. 2024 సెప్టెంబరులో కుండపోత వానలకు ఈ మండలంలో కొండచరియలు విరిగిపడి సీలేరు దారే మూసుకుపోయింది. అలాంటి రాత్రి నొప్పులొస్తే? రోడ్డు లేని గూడెమైతే అంతకుముందే డోలీ ప్రయాణం ఒకటి ఉంటుంది. రెండు గంటల లెక్కలో ఈ దారి ఇమడదు. కాబట్టి రక్తం కారడం మొదలయ్యాక బయల్దేరడం కాదు, అంతకుముందే రక్తం దొరికే చోట ఉండాలి.

తల్లుల మరణాల మీద 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఓ ప్రసిద్ధ వ్యాసం రాశారు. తల్లి ప్రాణాన్ని బలిగొనే ఆలస్యాలు మూడని వాళ్లు తేల్చారు. ఆసుపత్రికి వెళ్దామని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మన ఇళ్లలో చర్చంతా ఆసుపత్రి చుట్టూనే తిరుగుతుంది. మొదటి రెండింటినీ మర్చిపోతాం. 'అత్తగారు వచ్చాక చూద్దాం', 'తెల్లారనివ్వండి' అన్న మాటల్లో జరిగే ఆలస్యానికి ఏ పెద్ద డాక్టరు దగ్గరా మందు లేదు.

సీలేరు నుంచి ఎటు?

సీలేరులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. ఇబ్బందులు లేని మామూలు కాన్పుకి అలాంటి చోటు చాలు. కానీ ఆపరేషన్ చేయాలన్నా, రక్తం ఎక్కించాలన్నా పెద్దాసుపత్రికి పంపాల్సిందే. ఇటు వస్తే చింతపల్లి, ఆపైన నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి, అక్కడా కాదంటే విశాఖపట్నం కేజీహెచ్. అటు దిగితే డొంకరాయి, మోతుగూడెం, చింతూరు మీదుగా తెలంగాణలోని భద్రాచలం. సరిహద్దు పల్లెల నుంచి ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ తల్లులు ఎంతోమంది భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వస్తుంటారు. నది దాటితే ఒడిశాలోని చిత్రకొండ.

అంటే ఒకే ఊరి నుంచి మూడు రాష్ట్రాలకు దారులు! మన రాష్ట్రం, పొరుగు రాష్ట్రం అన్న పట్టింపు ఇక్కడ పనికిరాదు. ఆ రాత్రి ఏ దారి తెరిచి ఉంటుందో, ఏ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ ఉంటారో అదే మన ఆసుపత్రి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. జననాన్ని బిడ్డ పుట్టిన చోటే నమోదు చేస్తారు. భద్రాచలంలో పుడితే తెలంగాణలో, చిత్రకొండలో పుడితే ఒడిశాలో. 21 రోజుల్లోగా తెలియజేస్తే రుసుము ఉండదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టే పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. అందుకని ఇంటికి బయల్దేరేముందే ఆ పని చూసుకోవాలి. ఆ కాయితం కోసం మళ్లీ ఘాట్ దిగడం బాలింత ఉన్న ఇంటికి చిన్న పని కాదు.

ఖర్చు సంగతి కూడా తెలిసుండాలి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. తల్లికి భోజనం, రానుపోను వాహనం కూడా. నెలనెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు చేత పరీక్ష చేయిస్తారు. రక్తహీనత ఉందా, బీపీ ఎలా ఉంది, రక్తం గ్రూపు ఏమిటి అన్నవి అక్కడే తేలిపోవాలి. గిరిజన ప్రాంతాల్లో సికిల్‌సెల్ పరీక్షనూ మర్చిపోకూడదు. ఆ జబ్బు ఉంటే పెద్దాసుపత్రి తప్ప మరో ఆలోచన వద్దు.

పుట్టిల్లు నేర్పిన ఉపాయం

నిజానికి మన పెద్దలు ఈ చిక్కుకి ఎప్పుడో ఓ దారి కనిపెట్టారు. తొలి కాన్పుకి ఆడపిల్లని నెలల ముందే పుట్టింటికి తీసుకెళ్లడం! సీమంతాలు, చలిమిడి, గాజుల సందడి మధ్య మనం గమనించం కానీ, నొప్పులు వచ్చాక కాకుండా అంతకు చాలా ముందే కదలాలన్న తెలివి అందులో ఉంది. ఆ ఆచారంలో చూసుకోనిది ఒక్కటే... పుట్టింటికి ఆసుపత్రి ఎంత దూరమన్నది.

వైద్యరంగంలో ఇదే ఆలోచనకి ప్రసూతి నిరీక్షణ గృహం అని పేరు. నెలలు నిండే ముందు ఆసుపత్రి దగ్గర్లోని వసతి గృహానికి వచ్చి, అక్కడే తిని, పడుకుని, నొప్పులు రాగానే నాలుగడుగులు వేసి పురిటి గదికి చేరడం. క్యూబా 1962లోనే ఇలాంటివి తెరిచింది. మన దగ్గరా పార్వతీపురం ఐటీడీఏ 2018లో సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం ఓ వసతి గృహం ప్రారంభించింది.

చెప్పినంత తేలికైన పని కాదిది. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలున్న తల్లి మూడు వారాలు ఎలా వచ్చి ఉంటుంది? పొలం పని ఎవరు చూస్తారు? అక్కడ తన భాష ఎవరు మాట్లాడతారు? కువి మాట్లాడే కోదు మహిళకి నర్సీపట్నం కూడా పరాయి దేశమే. న్యూజెర్సీలో మనమ్మాయి తెలుగు డాక్టరు కోసం ఎందుకు వెతుకుతుందో, ఈ తల్లి తన భాష తెలిసిన ఆశా కార్యకర్త పక్కనుంటే బాగుండునని అందుకే అనుకుంటుంది. నొప్పి చెప్పుకోవడానికి అమ్మ భాషే కావాలి మరి!

క్వార్టర్సులో ఉండే కుటుంబాలకు ఇంత ఇబ్బంది లేదు. నర్సీపట్నంలోనో, విశాఖలోనో బంధువుల ఇంట్లో ఉండొచ్చు, లేదంటే ఓ గది అద్దెకు తీసుకోవచ్చు. తొమ్మిదో నెల రాగానే కదిలితే మంచిది. మొదటి కాన్పు సిజేరియన్ అయినా, కవలలైనా, బీపీ ఉన్నా ఇంకా ముందే.

దేశం దాటితే...

ఇక విదేశాల్లో ఉన్నవాళ్ల సంగతి. అక్కడ దారి బాగానే ఉంటుంది, తికమకంతా పద్ధతుల్లో.

అమెరికాలో సాధారణంగా ఆసుపత్రికన్నా ముందు డాక్టరును ఎంచుకోవాలి. ఆ డాక్టరుకి ఏ ఆసుపత్రిలో కాన్పు చేసే అనుమతి ఉంటే అక్కడికే వెళ్లాలి. డాక్టరు, ఆసుపత్రి, మత్తు డాక్టరు... ముగ్గురివీ వేర్వేరు బిల్లులు. అన్నీ మన బీమా నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో విడివిడిగా అడగాలి. బిడ్డ పేరును కూడా బీమాలో చేర్పించాలి. ఉద్యోగం ద్వారా వచ్చే బీమా అయితే దీనికి కనీసం 30 రోజుల గడువు ఉంటుంది. సందడిలో పడి మర్చిపోయారో, పిల్లల డాక్టరు బిల్లు చేతికొస్తుంది. మామూలు కాన్పయితే 48 గంటలు, సిజేరియన్ అయితే 96 గంటలు తల్లీబిడ్డల ఆసుపత్రి ఖర్చును బీమా కత్తిరించకూడదని 1996లోనే చట్టం వచ్చింది. నొప్పులతో వచ్చిన తల్లిని బీమా లేదని ఎమర్జెన్సీ గుమ్మం నుంచి తిప్పి పంపకూడదని అంతకుముందు, 1986లోనే మరో చట్టం వచ్చింది.

బ్రిటన్ వెళ్లినవాళ్లకి మరో ఆశ్చర్యం. అక్కడ మామూలు కాన్పు చేసేది మిడ్‌వైఫ్. 'డాక్టరమ్మ ఏదీ?' అని మనవాళ్లు కంగారు పడతారు. కంగారు అక్కర్లేదు. ఆమె ఆ పనికే చదువుకుని వచ్చింది, తేడా కనిపిస్తే డాక్టరుని పిలుస్తుంది. వీసాతో పాటు ఆరోగ్య సర్‌ఛార్జి కట్టినవాళ్లకి కాన్పు ఖర్చు విడిగా ఉండదు. ఆ సర్‌ఛార్జి మాత్రం 2024 ఫిబ్రవరిలో పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లకు పెరిగింది.

గల్ఫ్‌కి వెళ్లే జంటలు పెళ్లి ధ్రువపత్రాన్ని ధ్రువీకరణ ముద్రలతో సహా వెంట తీసుకెళ్లాలి. బిడ్డ జనన పత్రం దగ్గర అది అడుగుతారు. ఏ దేశంలో పుట్టినా, బిడ్డకి భారత పౌరసత్వం కావాలనుకుంటే ఏడాదిలోగా మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టినవాళ్లకి ఇది తప్పనిసరి.

పురిటికి ఇండియా వచ్చేద్దాం అనుకునేవాళ్లు విమానం సంగతి ముందే తెలుసుకోవాలి. చాలా సంస్థలు 28 వారాలు దాటితే డాక్టరు లేఖ అడుగుతాయి, 36 వారాలు దాటితే ఎక్కించుకోవు.

అడిగి తెలుసుకోండి

ఊరేదైనా, దేశమేదైనా ఆసుపత్రిని ఈ ప్రశ్నలు అడగండి.

అర్ధరాత్రి రెండింటికి వస్తే ఆపరేషన్ చేయడానికి ఎవరుంటారు? మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, కబురు పెడితే వస్తారా? రక్తం ఇక్కడే ఉందా, ఎక్కణ్నుంచి తేవాలి? బిడ్డ ఏడవకపోతే చూసే పిల్లల డాక్టరు ఉన్నారా? మీ చేయి దాటితే ఎక్కడికి పంపుతారు, ఎలా పంపుతారు?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. వందమందిలో ఎంతమందికి సిజేరియన్లు చేస్తున్నారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42కి పైగా కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద అవి 21.5 శాతం. ముహూర్తం చూసి మనమే కోయించుకుంటున్న కాన్పులు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. అవసరం లేనిచోట కత్తి, అవసరమైన చోట కత్తి పట్టే చెయ్యి లేకపోవడం... రెండూ మన రాష్ట్రాల్లోనే!

ఆసుపత్రిని అడిగాక ఇంట్లోవాళ్లనీ అడగండి. వాహనం ఎవరిది? రాత్రి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? రక్తం ఇచ్చేదెవరు? మిగతా పిల్లల్ని చూసేదెవరు? భర్త ఊళ్లో లేకపోతే 'పదండి' అని చెప్పేదెవరు? ఈ ఐదింటికీ జవాబుగా ఐదు పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటించండి. తల్లీబిడ్డల కార్డు, రక్తం గ్రూపు కాగితం, రెండు పాత చీరలు, బిడ్డకి మెత్తటి బట్టలు ఓ సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టండి.

న్యూజెర్సీలో అయితే ఆ సంచిలో చిన్న డబ్బాడు కరివేపాకు కారం కూడా పెట్టుకోండి. కాన్పవగానే నర్సమ్మ ఐసు వేసిన నీళ్లు తెచ్చిస్తుంది. చూసి అమ్మ గుండెలు బాదుకున్నా, పక్కన వేడి అన్నంలోకి ఈ కారం ఉందంటే కాస్త స్థిమితపడుతుంది!