తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

తమ్ముళ్లారా,

మన హాస్టల్లో అడుగుపెట్టిన ప్రతివాడూ ట్రంకు పెట్టె కంటే ముందు కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు పట్టుకొచ్చినవాడే. నా రోజుల్లో ఆ రెండు సంతకాల కోసం మా నాన్న మూడు రోజుల కూలి పోగొట్టుకుని మండలాఫీసు అరుగు మీద కూర్చున్నాడు. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలైంది. ఇప్పుడు పచ్చ సిరా బదులు డిజిటల్ సంతకం. మంచిదే. అయితే ఆ సంతకం నిజంగా ఎవరు చేస్తున్నారు?

కొన్నేళ్ల క్రితం మా చెల్లెలి ఆదాయ పత్రం కోసం ఒక ఆఫీసుకు వెళ్లాను. సంతకం చేయాల్సిన అధికారి ఆ రోజు ఊళ్లోనే లేరు. ఆయన డాంగిల్ మాత్రం ఆపరేటర్ కంప్యూటర్‌కు పెట్టే ఉంది. పిన్ నంబరు చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించారు. అరగంటలో పత్రం చేతికొచ్చింది. నేనూ సంతోషంగా తెచ్చుకున్నాను, దాచడం ఎందుకు! బస్సెక్కాక గానీ తట్టలేదు. అరగంటలో నిజమైన పత్రం ఇచ్చిన ఆ చెయ్యి అంతే సమయంలో దొంగ కుల పత్రం కూడా ఇవ్వగలదు. దానితో పోయే సీటు ఎవరిది? మనలో ఒకడిదే.

ఆ డాంగిల్‌లో ఉండేది ప్రైవేట్ కీ. దానికి జతగా పబ్లిక్ కీ ఉంటుంది. మొదటిదానితో సంతకం చేస్తారు, రెండోదానితో ఎవరైనా ఆ సంతకాన్ని సరిచూడవచ్చు. 'ఈ పబ్లిక్ కీ ఫలానా వారిదే' అని లైసెన్సు ఉన్న సంస్థ ఇచ్చే హామీయే డిజిటల్ సర్టిఫికెట్. ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకునే బాధ్యత ఆ సర్టిఫికెట్ తీసుకున్నవారిదేనని 2000 నాటి ఐ.టి. చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఇంకొకరి డిజిటల్ సంతకాన్ని మోసంతో వాడితే 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు.

అధికారులకు పని ఎక్కువ, వరదలొస్తే గట్ల మీదే ఉండాలి, డాంగిల్ పట్టుకుని ఎక్కడ కూర్చుంటారు అంటారు. నిజమే. అలాంటప్పుడు మరో అధికారికి ఆయన పేరుతోనే మరో కీ ఇవ్వాలి. మన కాలవల మీద తూము తాళం లస్కరు దగ్గర ఉంటుంది. ఆయనకు తీరిక లేదని దాన్ని తూముకే వేలాడదీస్తే కింది రైతు ఊరుకుంటాడా?

ఇది ఆఫీసుల జబ్బు మాత్రమే కాదు. సర్వర్ల పనిలో ఉన్న నేను ఇంజనీర్లు ప్రైవేట్ కీని ఈమెయిల్లో పంపుకోవడం చూశాను. 2014 జూలైలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ విభాగం నుంచే గూగుల్ పేరుతో అనధికార సర్టిఫికెట్లు వెలువడితే, కంట్రోలర్ వాటి మూలాన్నే రద్దు చేయాల్సి వచ్చింది.

కీ విలువ ఉపన్యాసంతో తెలియదు, సొంతంగా ఒకటి చేసుకుంటేనే తెలుస్తుంది. అందుకే మీరు కమాండ్ లైన్ నేర్చుకోవాలంటాను. మౌసుతో 'నెక్స్ట్, నెక్స్ట్' నొక్కితే కీ ఎక్కడ పుట్టిందో, ఎక్కడికి పోయిందో కనబడదు. నల్ల తెర మీద కనబడుతుంది. ఓపెన్ ఎస్ఎస్ఎల్ ఉచితం. పాత కంప్యూటర్లో లినక్స్ వేస్తే చాలు, నెట్ కూడా అక్కర్లేదు. 'జెన్‌పికీ' ఆదేశంతో కీ చేయండి, పాస్‌వర్డ్ పెట్టండి, 'సిహెచ్‌మోడ్ 600' కొట్టండి. ఇక ఆ ఫైలును మీరు, ఆ కంప్యూటర్ అడ్మిన్ తప్ప ఇంకెవరూ చదవలేరు. తర్వాత 'రెక్' ఆదేశంతో సర్టిఫికెట్‌కు దరఖాస్తు తయారుచేయండి. ఆ దరఖాస్తులో వెళ్లేది మీ పేరు, పబ్లిక్ కీ, ఆ రెండింటి మీద మీ సంతకం. ప్రైవేట్ కీ గడప దాటదు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు కూడా దాన్ని చూపనక్కర్లేదు! నాకు ఇది అర్థమవడానికి ఉద్యోగంలో చేరాక ఏడాది పట్టింది.

ఆఖరుగా మెస్ లెక్కల ఫైలు ఒకటి రాసి, 'డిజెస్ట్' ఆదేశంతో సంతకం చేయండి. ఇరవై కిలోల బియ్యాన్ని ముప్ఫై చేసి మళ్లీ సరిచూడండి. 'వెరిఫికేషన్ ఫెయిల్యూర్' అని వస్తుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ఆదివారం నేనే వచ్చి చూపిస్తాను, వార్డెన్ గారిని అడిగాను. పాస్‌వర్డ్ ముందే ఆలోచించి పెట్టుకోండి. నాకు మాత్రం చెప్పకండి.