రహస్య సంకేతములకు తగిన తాళపుపెట్టె

మన గురజాల రైతు మిరపకల్లమునకు రాత్రింబవళ్లు కావలి కాయును. ఆ కాయలమ్మిన సొమ్మున్న ఖాతాకు మాత్రము కావలి యుంచడు. ఏటీఎం కార్డు అట్టమీదనే పిన్ను వ్రాయుట, తాళమునకే తాళపుచెవిని వ్రేలాడగట్టుట కాదా?

సోదరులారా! నాలుగంకెల పిన్నును కంఠస్థము చేయుడు. తక్కిన పాస్‌వర్డులను భద్రపరచుటకు పాస్‌వర్డ్ మేనేజరులను తాళపుపెట్టెలు గలవు. ప్రకటనల యార్భాటమును చూచి వానిని ఎంచుకొనరాదు. పెట్టె తాళపుచెవి మీయొద్దనేగాని చేసినవారియొద్ద నుండరాదు. దాని నిర్మాణమును నిపుణులెవరైనను పరీక్షింప వీలుండవలెను. కంప్యూటరునకు 2003లో వెలువడిన కీపాస్, సెల్‌ఫోనునకు 2016లో వెలువడిన బిట్‌వార్డెన్ ఇట్టివి. కీపాస్‌నకు వెల లేదు.

2022లో లాస్ట్‌పాస్ సంస్థనుండి దొంగలు తాళము వేసిన పెట్టెల నకళ్లనే యెత్తుకొనిపోయిరి. ప్రధాన సంకేతము పొట్టిదైనవారికే అపాయము హెచ్చు. కావున పొందికలేని అయిదారు మాటలను కూర్చి సంకేతముగా నుంచుకొనుడు. అది మరచినచో తిరిగి యిచ్చువారు లేరు. కాగితమున వ్రాసి, కవరులో మూసి, ఇంటి యినుపపెట్టెలో దాచుడు. మీరు లేనినాడు ఇంటివారికిని అదియే దిక్కు.

ఓటీపీ నెవ్వరికిని చెప్పకుడు. మోసము జరిగినచో తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయుడు. విత్తనశుద్ధి చేసి చూపినట్లే, సంఘమువారు సభ్యులకు దీనినిగూడ చేసి చూపుట మేలు.