నిష్పక్షపాతము వేరు, నిరాసక్తత వేరు

ఆంగ్లభాషలో డిస్‌ఇంటరెస్టెడ్, అన్‌ఇంటరెస్టెడ్ అను రెండు పదములు గలవు. విద్యార్థులే గాక పత్రికలకు వ్రాయువారును పెక్కుమారులు వీనిని ఒక్కటిగనే భావించుచున్నారు. ఈ భ్రాంతివలన ఒక సద్గుణమునకు పేరు లేకుండ పోవునని మా భయము.

ఇంటరెస్టు అను శబ్దమునకు ఆసక్తి యనియు, స్వలాభమనియు, వడ్డీ యనియు అర్థములు గలవు. చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది. ఆసక్తి లేనివాడు అన్‌ఇంటరెస్టెడ్. స్వలాభము లేనందున ఏ పక్షమునకును ఒరగనివాడు డిస్‌ఇంటరెస్టెడ్. గట్టు తగవు తీర్చుటకు కూర్చున్న పెద్దమనుష్యుని తలచుకొనుడు. అతనికి ఆ పొలములో పాలుండరాదు. కాని ఉభయుల మాటలను చెవియొగ్గి వినవలెను. కునికిపాట్లు పడుచు తీర్పు చెప్పువానిని నిష్పక్షపాతి యని ఎవరు మెచ్చుకొందురు? పరీక్షాధికారి విషయమును అంతియే. కాగితమెవరిదో ఆయనకు పట్టరాదు. అందలి ప్రతి పంక్తియు పట్టవలెను.

"నిఘంటువులలో అర్థములు కలిసియే యున్నవి గదా" యని కొందరందురు. నిజమే. 17వ శతాబ్దిలో డిస్‌ఇంటరెస్టెడ్ అను మాట ఆసక్తిలేమికిని, అన్‌ఇంటరెస్టెడ్ అను మాట నిష్పక్షపాతమునకును గూడ చెల్లినవి. తరువాతి కాలమున జాగ్రత్తగా వ్రాయువారు ఆ రెంటిని విడదీసిరి. అట్లు సమకూడిన భేదమును మనమేల పోగొట్టుకొనవలెను?

మన భాషలోను ఇట్టి నష్టము కలిగినది. ఉదాసీనుడనగా పదవిభాగమును బట్టి ఎడముగా కూర్చున్నవాడు. కౌటిల్యుని అర్థశాస్త్రమున శత్రుమిత్ర పక్షములకు వెలుపలనుండు బలవంతుడైన రాజునకు ఆ పేరు గలదు. నేటి తెలుగులోనో, ఉదాసీనత యనగానే అశ్రద్ధ స్ఫురించును. తటస్థుడను మాట మిగిలియుండుటచేత మనకు కొంత మేలు జరిగినది.

రెండు గుణములకు ఒకే మాట యున్నచో, పట్టించుకొననివాడే న్యాయవంతుడను తలంపు క్రమముగా మనస్సున నాటుకొనును. కావున విద్యార్థులు కలము కదపకముందు ఇట్లు ప్రశ్నించుకొందురు గాక: ఇతనికి లేనిది శ్రద్ధయా, స్వలాభమా? శ్రద్ధ లేనిచో అన్. స్వలాభము లేనిచో డిస్. మొదటిది దిద్దుకొనవలసిన లోపము; రెండవది అలవరచుకొనవలసిన గుణము.