పూలగడ్డలు – శీతకాలపు తోటపని

దసరా సెలవులు ముగిసి పాఠశాల తెఱచునప్పటికి వానలు వెనుకపట్టి నేల ఆఱనారంభించును. నాటినుండి మాఘమాసము వఱకు గల కాలము మన యెనుమాముల ప్రాంతమున తోటపనికి మిక్కిలి యనువైనది. అయినను పెక్కు పాఠశాలల తోటలలో నీ కాలమున జరుగుచున్న పని యేమి? వార్షికోత్సవమునకు పది దినములు ముందుగా, పూచియున్న మొక్కలను కుండీలతోనే కొనితెచ్చి వరుసగా నిలుపుదురు. ఉత్సవము ముగిసిన పిదప నీరు పోయువారు లేక అవి యెండిపోవును. మఱుసటి యేడు మరల కొందురు. ఇది అలంకరణమేగాని తోట కాదని మా యభిప్రాయము. ఒకమారు నాటిన ఏటేట వృద్ధిపొంది, ఒక తరగతి చేతినుండి మఱియొక తరగతి చేతికి అందదగిన పూలగడ్డలను మన విద్యార్థులు పెంచవలెనని మేము కోరుచున్నాము.

గడ్డ యననేమో మన పిల్లలకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆసియాఖండపు పెద్ద వ్యవసాయ విపణులలో నొకటిగా పేరుపొందిన మార్కెట్టు మన యూరనే యున్నది. పసుపు కొమ్మును, ఉల్లిగడ్డను ఎఱుగనివారు మనలో లేరు. వృక్షశాస్త్రము ఉల్లిని లశునమనియు, పసుపును కొమ్మనియు, చేమను కందమనియు వేఱుచేసి చెప్పును. లశునమున ఆహారము పొరలుపొరలుగా నున్న ఆకుల మొదళ్లలో నుండును. కందమునందును కొమ్మునందును కాండమే యుబ్బి దానిని దాచుకొనును. పేర్లు వేఱైనను పని యొక్కటియే. ఆకు ఎండలో సిద్ధపఱచిన యాహారము క్రిందికి దిగి, రాబోవు సంవత్సరపు పూవుకొఱకు నేలలో నిలువయుండును. కావుననే పసుపు సాగుచేయు రైతు ఆకులు పండి వాలువఱకు కొడవలి పట్టడు. ఉల్లి పండించువాడు కాడలు మెడయొద్ద వంగి పడువఱకు వేచియుండును. ఆ రైతుల బిడ్డలే పాఠశాలకు వచ్చి, పూవు వాడిన మఱునాడే శుభ్రత పేరిట పూలగడ్డల యాకులన్నియు కత్తిరించుట వింతగాదా?

మా వాదమంతయు నిచ్చటనే యున్నది. పండుచున్న ఆకు చూపునకు ఇంపుగా నుండదు, నిజమే. పరీక్షాధికారి వచ్చు దినమున మడి చక్కగా కనబడవలెనని పెద్దలు కోరుటయు సహజమే. కాని పచ్చదనము పూర్తిగా పోకమునుపు ఆకును కోయుట గడ్డకు నోటికాడి కూడు లాగివేయుటయే. అట్లు చేసిన మఱుసటి యేడు పూవు చిన్నదగును. ఆపై యేడు పూవే రాదు. అంతట ‘ఈ గడ్డలు మన నేలకు పడవు’ అని నేలను నిందింతురు. ఆకుల యందవికారము కనబడకూడదన్నచో ముందువరుసలో బంతి నాటిన చాలును.

ఇక ఏ గడ్డలు నాటవలెను? చిత్రములలో తులిప్ పూలను చూచిన పిల్లలు మొట్టమొదట వానినే కోరుదురు. తులిప్ మధ్య ఆసియా కొండలయందు పుట్టినది. 12 మొదలు 16 వారములు 9 డిగ్రీలకు లోబడిన చలిలో నున్నగాని దాని కాడ సరిగా సాగదు. మన కడ పుష్యమాసపు రాత్రులందు సైతము చలి 10 డిగ్రీలకు దిగుట యరుదు. శ్రీనగరమున 2007లో తెఱచిన తులిప్ తోటకు హిమాలయపు చలియే తోటమాలి. ఢిల్లీ శాంతిపథమున ఫిబ్రవరి మాసమున కనబడు తులిప్ పూలు హాలండునుండి తెప్పించిన గడ్డలవి. ఆ హాలండులోనే ఒకప్పుడు ఒక్క గడ్డకు ఇంటివెల పలికి, 1637 ఫిబ్రవరిలో ఆ బేరము ఒక్కసారిగా కూలిపోయెను. మిరపధర యెక్కుట దిగుట నిత్యము చూచు మనకు ఆ కథ తెలిసికొనుట కష్టము గాదు. తులిప్‌ను చూచి యానందింతము గాక, మన మడిలో దానికి తావు వలదు.

అంగడిలో లిల్లీ యని పిలువబడుచు పెండ్లిదండలలో నిండియుండు నేలసంపెంగ నిజమునకు లిల్లీ జాతి కాదు. మెక్సికో దేశమునుండి వచ్చిన కిత్తనార కుటుంబపు మొక్క. మన ప్రార్థనాసమావేశములలో వినబడు సువార్త వాక్యమునను ఇట్టి చిక్కే కలదు. ఆంగ్ల బైబిలున లిల్లీ యని యున్నచోట తెలుగు అనువాదకులు అడవిపువ్వులు అనిరి. ఆ పువ్వు అనిమోన్ కావచ్చునని పండితులు కొందఱి యూహ. అదియు దుంపనుండి మొలచునదే. బెంగుళూరు చెంత హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారు రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ అను నేలసంపెంగ రకములు మన ప్రాంతమునకు తగినవే. అయితే చలిలో దీని పూత మందగించును గనుక, చలి తగ్గినపిమ్మట నాటుట మేలు.

మే పూవని పిలువబడు ఎఱ్ఱని బంతివంటి పూవు సంగతి వేఱు. శీతకాలమున దాని యాకులు పూర్తిగా మాసిపోయి కుండీ వట్టిదిగా కనబడును. చచ్చినదని తలచి మన్నుతోకూడ పాఱవేయుదురు. అట్టి కుండీపై పేరు వ్రాసిన పలక గ్రుచ్చి, నీరు మాన్పి, నీడను వదలిపెట్టుటయే దాని పోషణము. కాని అది పూయునది మే మాసమున. అప్పుడు బడికి తాళము. చూచు కన్నులు లేనిచోట పూచు మొక్క పాఠశాలకు తగినది కాదని మా తలంపు. ఇంట పెంచుకొనుడు.

అందుచేత పాఠశాల మడికి గ్లాడియోలస్‌ను మేము బలపఱచుచున్నాము. కార్తికమున నాటిన కందములు సంక్రాంతి దాటినపిమ్మట, పరీక్షలకు ముందే, పూచును. నల్లరేగడిలో నీరు నిలిచి గడ్డ క్రుళ్లును. ఎఱ్ఱచెల్క మన్నును ఇసుకతోను బాగుగా మాగిన పశువుల యెరువుతోను కలిపి, మడిని ఎత్తుగా కట్టవలెను. పచ్చియెరువు పనికిరాదు. మెత్తబడిన కందములను ఏఱివేసి, తక్కినవానిని 2 లేక 3 అంగుళముల లోతున, 6 మొదలు 8 అంగుళముల యెడముతో నాటవలెను. వేదికయలంకారమునకు పూలకంకి కోయువారు క్రింది మొగ్గలు రెండు రంగు చూపినంతనే కోయవచ్చును. తక్కినవి నీటిలోనే విచ్చును. అయితే మొక్కకు నాలుగు ఆకులైనను విడువక తప్పదు. నాటిన పాతకందము కృశించిపోగా, దానిపై క్రొత్త కందమొకటి యేర్పడును. దానిచుట్టును శనగగింజలంత పిల్లకందములు పుట్టును. వీనిలో పూతకు వచ్చునవి ఒకటి రెండేండ్ల పిదపనే.

పూత యైన ఆఱు మొదలు ఎనిమిది వారములకు ఆకులు పండును. అప్పుడు త్రవ్వి నీడను ఆఱబెట్టవలెను. పదవతరగతి వారికి అది పరీక్షాసమయము గనుక ఈ పని ఎనిమిది, తొమ్మిది తరగతులదే.

అసలు కష్టము వేసవిలో నున్నది. మన యెండలకు మామూలు గదిలోని కందములు వడలిపోవును. పైగా మూడు మాసముల చలి తగిలినగాని వాని నిద్ర చక్కగా విడదు. ఇందుకు మార్గము మన వాకిటనే కలదు. మార్కెట్టు పరిసరములందు మిరపబస్తాలు దాచు శీతలగిడ్డంగులు ఎన్ని లేవు! ఒక చిన్న బుట్ట గాలియాడునట్లు గోనెగుడ్డలో చుట్టి, ఏప్రిలు మొదలు అక్టోబరు వఱకు ఒక మూల నుంచుడని మన పెద్దలు గిడ్డంగి యజమానుల నడిగిన కాదందురని మేము తలంపము. బుట్టపై తరగతి పేరును, కందముల లెక్కయు వ్రాసి కట్టవలెను. అక్టోబరులో దానిని తెచ్చుకొని, లెక్క సరిచూచుకొని, క్రొత్తగా తొమ్మిదవ తరగతికి వచ్చినవారే నాటుదురు.